అక్షింతలకు కాలిన కార్డు

గడప మీద కూర్చున్నారెందుకు, ఇటు చాప మీదికి రండి. ఇంకా దగ్గరికి. నాది పెద్ద గొంతు. కానీ ఈ సంగతి పెద్ద గొంతుతో చెప్పేది కాదు, ఇంటి అల్లుడి మీద చెప్పేది. నేను చదివింది అయిదో తరగతి. మాటలో తప్పులుంటే సర్దుకుని వినండి. జ్ఞాపకంలో తప్పుంటే మాత్రం పట్టుకోండి చూద్దాం. ఏ పెళ్లిలో ఎవరు ఏ రంగు చీర కట్టుకుని ఏ పక్కన కూర్చున్నారో ఇవాళ అడిగినా చెబుతాను.

అలంపూర్ నీట మునిగిన వరదలకు నాలుగైదేళ్ల ముందు మాట ఇది. మేము వనపర్తిలో ఉండేవాళ్లం. ముందు గది ఫొటో స్టూడియో, వెనక రెండు గదుల్లో కాపురం. నేను, మా ఆయన, మా అత్త. మా ఆయన పెళ్లిళ్లకు పోయి ఫొటోలు, వీడియో తీసేవాడు. తీసిన క్యాసెట్టు తీసినట్టే ఇస్తే ఎవరూ ముట్టేవారు కాదు. దానికి మిక్సింగ్ చేయాలి. అంటే అక్కర్లేని చోట కోసి, పాటలు కలిపి, పెళ్లికూతురి ముఖం తామర పువ్వులో నుంచి విచ్చుకుని వచ్చినట్టు, ఇద్దరి పేర్లు గిరగిరా తిరిగి ఒక్కచోట ఆగినట్టు చేసి సీడీ ఇవ్వాలి. అప్పట్లో అదే గొప్ప. తామర పువ్వు లేని పెళ్లి పెళ్లే కాదన్నట్టు అడిగేవారు.

ఆ పనికి క్యాసెట్లను హైదరాబాద్ పంపేవాళ్లం. అక్కడ కూర్చుని కోసేవాడికి మన చుట్టరికాలు ఏం తెలుసు? ఒక పెళ్లిలో మేనమామ పెళ్లికూతురిని ఎత్తుకొచ్చే చోటు మొత్తం కోసి పారేశాడు. ఆ మేనమామ మా స్టూడియో ముందు నిలబడి అరిచిన అరుపులు బస్టాండు దాకా వినిపించాయి. అప్పుడు మా ఆయన, ఇక సొంతంగా కంప్యూటర్ కొనుక్కుని ఇంట్లోనే మిక్సింగ్ చేసుకుందామన్నాడు.

కొనేది ఎవరి దగ్గర? మా ఆయన అక్కను గద్వాలలో ఇచ్చారు. ఆమె మొగుడికి అక్కడ, కోటకు పోయే దారిలో, కంప్యూటర్ల కొట్టు ఉంది. వరసకు నాకు అన్న. మా అత్తకు ఒక్కగానొక్క అల్లుడు. అల్లుడు దగ్గితే మా అత్తకు జ్వరం వచ్చేది.

ఆ అల్లుడు మా ఇంటికొచ్చి, మటన్ తిని, చేతులు కడుక్కుంటూ చెప్పాడు.

“బయట కొంటే మునుగుతవ్ బామ్మర్దీ. విడి ముక్కలు తెచ్చి నేను కట్టిస్త గద. చౌకల అయితది. లోపల గ్రాఫిక్స్ కార్డు గూడ ఏస్త, చిన్నది. నీ తామర పువ్వులు, గులాబి పువ్వులు అన్నీ దాని మీదనే నడుస్తయి. గది లేకపోతే మిక్సింగ్‌కు పానమే లేదు.”

“గదొక్కటి మర్సిపోకు బావా,” అన్నాడు మా ఆయన.

“నువ్వు చెప్పాల్నా?” అన్నాడు అల్లుడు. లెక్క చీటీలో కార్డుకు వేరేగా ధర రాసి చూపించాడు కూడా.

కంప్యూటర్ వచ్చిన రోజు అల్లుడికి కాళ్లకు నీళ్లిచ్చి, కొత్త టవల్ భుజాన వేసింది మా అత్త. డబ్బాలో ఏముందో విప్పి చూపించమని ఎవరూ అడగలేదు. మా ఇంట్లో ఆ పద్ధతి లేదు. అల్లుడు తెచ్చినదాన్ని పరీక్ష చేయడమంటే అల్లుడి ముఖాన ఉమ్మినట్టు. మా మామ బతికున్నప్పుడు అల్లుడు బేరం చేసిచ్చిన ఎద్దును నాలుగడుగులు నడిపించి చూడకుండానే ఇంటికి తోలుకొచ్చాడట. అది కుంటిది. అయినా ఆ మాట ఆయన ఎన్నడూ నోట అనలేదని మా అత్త గొప్పగా చెప్పేది.

మా ఆయనకు కెమెరా తెలుసు గానీ మనుషులు తెలియదు. వంద మంది పెళ్లిలో ఎవరు ముఖ్యమో, ఎవరిని కోస్తే కొట్లాట వస్తుందో తెలియదు. అందుకని నన్ను పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. “ఆ ఎర్ర తువ్వాలాయన పిల్లగాని చిన్నమేనమామ, ఉంచు. గీ పచ్చ చీరామె వంటోళ్ల మనిషి, తీసేయ్,” అని నేను చెబుతుంటే ఆయన కోసేవాడు. నెల తిరక్కముందే మౌస్ నా చేతికి వచ్చింది. తెర మీద ఇంగ్లీషు ఒక్క ముక్క చదవలేను. ఎడమ నుంచి మూడోది కత్తెర, దాని కింది వరసలో చివరిది పువ్వు, అట్లా బొమ్మను బట్టి, చోటును బట్టి గుర్తుపెట్టుకున్నాను. సీడీలు తీసుకున్నవాళ్లు మళ్లీ వచ్చి, “అక్కను కూసోబెట్టే చేయించు,” అని మా ఆయనకు చెప్పిపోయేవారు. నా బతుకులో వంట బాగుందనడం కాకుండా ఇంకో పనికి నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. ఆ ప్లాస్టిక్ కుర్చీ అంటే నాకు అంత ఇష్టమయింది. ఉన్న మాట చెప్తున్నాను, నా పుస్తెలతాడు కన్నా ఇష్టమయింది.

కంప్యూటర్ మాత్రం మొదటి నుంచీ మొరాయించేది. మామూలుగా కోసుకుంటూ పోతే నడిచేది. తామర పువ్వు పెట్టగానే ఆగిపోయేది. శ్రావణంలో పెబ్బేరు పెళ్లి చేస్తున్నాం. తలంబ్రాల దగ్గర పువ్వు పెట్టాం. పెళ్లికొడుకు చేయి గాలిలో, బియ్యం గాలిలో, బొమ్మ బిగుసుకుపోయింది. స్విచ్ తీసి వేశాం, మళ్లీ అక్కడే. లోపల వేడెక్కుతోందేమోనని డబ్బా పక్క రేకు ఊడదీసి, టేబుల్ ఫ్యాను పెట్టి గాలి కొట్టించాం. ఆ రేకు మళ్లీ బిగించనే లేదు. ఎప్పుడూ పొట్ట తెరుచుకునే ఉండేది అది.

అట్లా దసరా వచ్చింది. ఆయుధ పూజ. మా ఇంట్లో ఆ పని నాది. కెమెరా, లెన్సులు, లైట్ల స్టాండ్లు అన్నీ తుడిచి, పసుపు కుంకుమ పెట్టి పూలు పెట్టాను. కంప్యూటర్ దగ్గరికి వచ్చాక ఆలోచించాను. పని చేసేది లోపలిది కదా, బయటి రేకుకు బొట్టు పెడితే ఏం లాభం? లోపల అన్ని ముక్కలూ కూర్చునే ఆకుపచ్చ పలక ఉంటుంది. దాని అంచుకు ఉంగరపు వేలితో చిన్న బొట్టు పెట్టాను. నాలుగు అక్షింతలు చల్లి దండం పెట్టుకున్నాను. మా అత్త పక్కనే నిలబడి చూసింది. “సల్లగ నడువు తల్లీ,” అని తనూ దండం పెట్టింది.

రెండు రోజుల తర్వాత మళ్లీ తామర పువ్వు దగ్గర ఆగింది. ఎప్పటిలాగే ఆగింది. కానీ అప్పుడు చేతిలో బిజినేపల్లి పెళ్లి ఉంది, పెద్ద ఇల్లు వాళ్లది. మా ఆయన భయపడి గద్వాలకు ఫోన్ చేశాడు. అల్లుడు దిగాడు.

వచ్చినవాడు టార్చిలైటు వేసి డబ్బా లోపల చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత రెండు వేళ్లు లోపల పెట్టి ఒక పసుపు బియ్యపు గింజ తీసి, అందరికీ కనపడేట్టు పైకి పట్టాడు.

“ఏంది చెల్లె గిది?”

“అక్షింత,” అన్నాను.

“గింత అన్నం వండనీకె బియ్యం పోసినవనుకుంటి,” అని నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. “గిదే నీ కార్డును మింగింది. పసుపు తడి తగిలితే కాలదా? గ్రాఫిక్స్ కార్డు కాలిపాయె బామ్మర్దీ. గ్యారంటీ గూడ ఇయ్యరు. పసుపు వాసన చూస్తనే ఎల్లగొడ్తరు.”

స్క్రూ తిప్పి లోపల నుంచి అరచేయంత పలక ఒకటి పీకి, పేపర్లో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. “హైదరాబాద్‌ల చూపిస్త, ఆశ పెట్టుకోకు,” అన్నాడు.

నేను ఊరుకోలేదు. “అన్నా, ఇది శ్రావణంల్నే ఆగింది గద. పెబ్బేరు పెండ్లికి తలంబ్రాల కాడ ఆగింది. గప్పుడు అక్షింతలు యాడియి?”

మా అత్త లోపల నుంచి ఒక్క కేక వేసింది. “నోరు ముయ్! తప్పు జేసిందిగాక అల్లునికే ఎదురు జెప్తవా? ఇంగ ఆ అర్రలకు పోకు. నీ చెయ్యి ఆ మిషన్‌కు తగలొద్దు.”

పక్కన నిలబడి దండం పెట్టిన మనిషి ఆమె. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన టేబుల్ ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నట్టు దాని వైపే చూస్తున్నాడు. ఆ రోజు నుంచి నా కుర్చీ వంటింట్లోకి వచ్చింది. దాని మీద బియ్యం డబ్బా పెట్టింది మా అత్త.

కొత్త కార్డు సంగతి అడిగితే అల్లుడు ఫోన్లో ఒకటే పాట. “ఇప్పుడు కొనకు. చిన్న కార్డుల ధర దిగుతుంది. వచ్చే నెల చూద్దాం.” దీపావళికి దిగుతుందన్నాడు. కార్తీకంలో కొత్త రకం వస్తుంది, అప్పుడు పాతది దిగుతుందన్నాడు. ఆ కొత్త రకం వచ్చాక దానికంటే కొత్తది వస్తోందన్నాడు. చౌక కార్డు అనేది మా ఇంట్లో ఎవరూ చూడని చుట్టం అయిపోయింది. ఇదిగో వస్తున్నా అంటుంది, రాదు. ఆ “దిగుతది” అనే మాట వింటే ఇప్పటికీ నాకు పళ్లు కొరకాలనిపిస్తుంది.

వాడకట్టులో సంగతి పాకింది. పాకించింది ఎవరో నాకు తెలుసు, ఆమె మా ఇంట్లోనే ఉంది. నల్లా దగ్గర బిందె పెడితే చాలు.

“ఏమక్కా, కంప్యూటర్‌కు పూజ జేసినవంట. ఒడిబియ్యం గూడ పోస్తివా?” అని ఎదురింటామె.

“పోసిన. మిగిలినయి నీకు గూడ పంపాల్నా?” అన్నాను. జవాబైతే ఇచ్చాను గానీ ఆ రోజు సగం బిందెతోనే ఇంటికి వచ్చేశాను. ఎందుకంటే లోలోపల నేనూ నమ్మాను. తడి పసుపే కదా పెట్టింది, నా చేయే మా ఇంటి కూటికి ఎసరు పెట్టిందేమో అనుకున్నాను. వాళ్ల మీద ఇప్పటికీ పోని కోపం నన్ను తిట్టినందుకు కాదు. నా మీద నాకే అనుమానం పుట్టించినందుకు.

కార్డు కోసం ఆపి ఆపి, చివరికి బిజినేపల్లి పెళ్లి మా ఆయన ఒక్కడే కూర్చుని చేశాడు. పువ్వులు లేవు, పేర్లు తిరగలేదు. అది సరే, పెళ్లికొడుకు మేనత్తను మొత్తానికే కోసేశాడు. హారతి పట్టింది ఆమే. వాళ్లు నలుగురు వచ్చి సీడీ బల్ల మీద విసిరికొట్టారు. “మా అత్త బతికే ఉంది సారూ. నువ్వెందుకు సంపినవ్?” అన్నాడు ఒకడు. పదిహేను రోజుల్లో మళ్లీ చేసివ్వాలి, పువ్వులతో సహా. లేకపోతే ఆ చుట్టుపక్కల ఒక్క పెళ్లికి కూడా పిలిచేది లేదన్నారు.

ఆ సాయంత్రం మా ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి మెల్లగా అన్నాడు. “నాగర్‌కర్నూల్ల ఒక చాచా ఉన్నడంట. టీవీలు, కంప్యూటర్లు బాగజేస్తడంట. పోదమా? అమ్మకు చెప్పకు.”

నా పుట్టిల్లు అటు పక్కే. తమ్ముడి బిడ్డను చూసొస్తామని అత్తకు చెప్పాం. డబ్బాను దుప్పట్లో చుట్టి, జొన్నపిండి సంచిలాగా బస్సులో నా ఒళ్లో పెట్టుకున్నాను. కండక్టర్ లగేజీ అడిగితే, “పిండికి గూడ టికెటా?” అని దబాయించాను.

చాచా కొట్టు బస్టాండుకు దగ్గర్లో, నాలుగు మెట్లెక్కితే. గడ్డం నెరిసిన మనిషి. పాత రేడియోల మధ్య కూర్చుని ఉన్నాడు. డబ్బాను తిప్పి తిప్పి చూసి మా ఆయనతో అన్నాడు.

“ఏం గావాలె?”

“గ్రాఫిక్స్ కార్డు కాలిపోయింది చాచా. ఏదన్న చౌకది ఉంటే ఏస్తవేమోనని.”

“యాడ ఏయాలె?” అన్నాడు చాచా. “జాగ చూపెట్టు, ఏస్త.”

మాకు అర్థం కాలేదు. ఆయన ఇంకో కంప్యూటర్ పలక తెచ్చి మా దాని పక్కన పెట్టాడు. దాని మీద మధ్యలో ఒక గాడి ఉంది, పొడుగ్గా, మిగతావాటికి ఎడంగా, వేరే రంగులో. “కార్డు గీడ కూసుంటది. ఇప్పుడు నీ దాంట్ల చూడు.” చూశాం. ఆ చోట గాడి లేదు. ఊడిపోయిన గుర్తు కూడా లేదు. పుట్టుకతోనే లేదు.

“మరి మొన్నటిదాక ఉన్న కార్డు యాడ ఉండె?” అన్నాడు మా ఆయన.

“కార్డు ఉండెనని ఎవరు జెప్పిన్రు?”

అప్పుడు నేను కలగజేసుకున్నాను. “తీస్కపోయింది నేను చూసిన చాచా. అరచెయ్యంత ఉంటది. వెనక రేకుకు రెండు చిన్న చదరపు సందులు, పక్కపక్కన. మా ఇంట్ల ఫోన్ వైరు పెట్టే సందు ఉంటది సూడు, గట్లనే.”

చాచా నా వైపు మొదటిసారి సరిగ్గా చూశాడు. “నువ్వు మస్తు చూస్తవమ్మా. గది మోడెం. ఫోన్ వైరు బెట్టి ఇంటర్‌నెట్ చూసేది. దానికి బొమ్మతోని ఏం పని లేదు. ఇంకొకటి చెప్పు. బొమ్మ కనపడే టీవీ డబ్బా నీలం వైరు ఉంటది గద, గది యాడ పెట్టుకుంటుంటిరి?”

రోజూ దుమ్ము తుడిచేది నేనే. “పైన. కీబోర్డు వైరు, మౌస్ వైరు పెట్టే కాడనే, వాటి కింద.”

“మొదటి దినం నుంచి గాడనేనా?”

“గాడనే. ఒక్కనాడు గూడ మార్చలే. కార్డు పీకిన నాడు గూడ ఆ వైరును ముట్టలేదు.”

“కార్డుంటే ఆ వైరు కార్డుకు పెట్టాలె తల్లీ. కార్డు పీకుతే వైరు ఊడాలె. ఊడలేదంటివి. అంటే కార్డు లేదు. ఎన్నడూ లేదు.”

మా ఆయన వంగి ఆ ఖాళీ చోటును వేలితో తడిమాడు. నేను, “నేను లోపల పసుపు బొట్టు పెట్టిన చాచా,” అన్నాను. ఎందుకన్నానో తెలియదు, ఆ మాట అనకుండా ఉండలేకపోయాను.

ఆయన అద్దాలు పైకెత్తి, పలక అంచున ఎండి పొడిబారిన ఆ బొట్టును గోటితో గీకి చూశాడు. “గిదా? రేడియోలల్ల బొద్దింకలు సంసారం జేస్తయి, అవే కాలిపోవు. నీ బొట్టు అంచుకు ఉంది, పక్కన ఏ వైరూ లేదు. ఇంకోపారి లోపల పెట్టకు, మంచిది గాదు. గాని గిది ఏం కాలబెట్టలే.”

తర్వాత టీ తెప్పించి చాచా చెప్పిన మాట నాకు అక్షరం పోకుండా గుర్తుంది.

“ఇట్ల చౌక కంప్యూటర్లల్ల బొమ్మ చూపెట్టే పనికి వేరే మనిషి ఉండడు. పలకనే ఆ పని గూడ జేస్తది, పక్కోని కంచంల చెయ్యి బెట్టి తిన్నట్టు. ఉత్తరాలు రాసుకునేటోనికి, లెక్కలు రాసుకునేటోనికి చాలు. నీ తామర పువ్వుకు చాలదు. చిన్న కార్డులు, చౌకయి, వస్తనే ఉంటయి. రేపు ఇంకా వస్తయి. గాని గరీబోడు కొనే పలకల ఆ గాడినే తీసేసి చౌక జేస్తున్నరు. కార్డు చౌకయి ఏం లాభం, కూసోనీకె జాగ లేకపాయె.”

తిరుగు బస్సులో బిజినేపల్లి దాటాక మా ఆయన అన్నాడు. “ఇది ఇడ్సిపెడదాం. బావను అడిగితే అక్క కాపురంల లొల్లి అయితది. ఎట్లనో ఇంకో పలక కొంటం.”

“నా సంగతి?”

“నీ సంగతేంది? నాకు తెలిసె గద నువ్వు ఏం జెయ్యలేదని.”

“నీకు తెలుస్తే అయిపాయెనా? మీ అక్క కాపురం బాగుండాలని నా కాపురంల నేను తల వంచుకొని బతకాల్నా? నా కుర్చీ మీద బియ్యం డబ్బా పెట్టిన్రు. గది ఎవరు దించుతరు?”

ఆయన కిటికీ వైపు తిరిగాడు. మా ఇంట్లో మగవాళ్లకు అల్లుడి ముందు నడుము ఉండదు. మామకు లేదు, ఈయనకూ లేదు. ఆ కుంటి ఎద్దు ఇంకా మా ఇంట్లోనే కట్టేసి ఉందని ఆ బస్సులో అర్థమైంది నాకు.

మర్నాడు పొద్దున్నే దుప్పటి మూట నడుముకెత్తుకుని అత్త ముందే నిలబడ్డాను. “గద్వాలకు పోతున్న, నీ బిడ్డ ఇంటికి.” ఆమె నోరు తెరిచేలోపు గేటు దాటాను. పెబ్బేరులో బస్సు మారి, బీచుపల్లి వంతెన మీద కృష్ణకు దండం పెట్టుకున్నాను. తల్లీ, నా నోరు తడబడకుండా చూడు అని.

కొట్టులో అల్లుడు, ఎదురుగా ఒక రైతు, ఆయన భార్య ఉన్నారు. పంట అమ్ముకున్న పైసలు నడుముకు కట్టుకుని, ఇంటర్ చదివే బిడ్డకు కంప్యూటర్ బేరం చేస్తున్నారు. నన్ను చూసి అల్లుడు లేచాడు.

“ఏం చెల్లె, చెప్పకుండ వస్తివి. లోపలికి పో, మీ వదినె ఉంది.”

“లోపలికి పోను అన్నా. కార్డు కోసం వచ్చిన. చిన్నది, చౌకది, ఏదన్న సరే. నువ్వు చెప్పిన ధరకే. గీడనే, ఇప్పుడే పెట్టు.” మూట విప్పి డబ్బాను బల్ల మీద పెట్టాను. దాని పక్క రేకు ఎట్లాగూ లేదు.

“ఇప్పుడు లేదు. వచ్చే నెల...”

అద్దాల బీరువాలో నాలుగు కార్డులు వరసగా పెట్టి ఉన్నాయి. చాచా దగ్గర చూశాక వాటిని గుర్తుపట్టలేనా? “గవేంది? వాటిలకెల్లి ఒకటి పెట్టు.”

అల్లుడు కదలలేదు. ఆ రైతు భార్య నా ముఖం, ఆయన ముఖం మార్చి మార్చి చూస్తోంది. నేనే ఒక కార్డు తీసి ఆయన చేతిలో పెట్టాను. “యాడ కూసోబెడ్తవో చూపెట్టన్నా. దసరాకు కాలిపోయింది అంటివి గద, గది కూసున్న జాగనే చూపెట్టు.”

ఆ మాటలకు వదిన లోపల నుంచి వచ్చింది. వస్తూనే నా మీదికే వచ్చింది. “ఏందే పిల్లా, మా కొట్టు మీదికి కొట్లాటకొస్తివా? కార్డును కాలబెట్టింది నువ్వు, అడిగేది మమ్మల్నా?”

“కాలిందన్నది ఫోన్ వైరుది వదినె. మోడెం. నీ మొగుడు పేపర్ల చుట్టి తెచ్చిండు. గీడనే యాడనో ఉంటది, తీసి చూడు. గ్రాఫిక్స్ కార్డుకు చీటీ రాసి, జాగ లేని పలకను ఇచ్చిండు. తప్పు నా చెయ్యి మీద పెట్టిండు.”

వదిన మొగుడి వైపు తిరిగింది. ఆమె బుద్ధి పాడు గానీ కళ్లు మంచివి. ఒక్క చూపులో మనిషిని చదువుతుంది.

అల్లుడు గొంతు పెంచాడు. “మరేం జెయ్యాలె? వాడు తెచ్చిన పైసలకు ఇంకేమొస్తది? గాడి ఉన్న పలక, దాని మీద కార్డు, గంత చౌకల ఎవరిస్తరు? నీకు తాహత్ లేదు బామ్మర్దీ అని మొఖం మీద చెప్పాల్నా? ఏదో నడిపిస్తడులే అనుకుంటి.”

“కార్డు లేదని చెప్పకుంటివి, సరే. మరి పసుపు?”

ఆయన కార్డును మళ్లీ బీరువాలో పెట్టబోయాడు.

“గింజను పైకి పట్టి చూపిస్తివి గద. గప్పుడు నీకు తెల్వదా?”

“ఏదో... నోటికొచ్చింది, అన్న,” అన్నాడు.

నాలుగు నెలలు నేను తల వంచుకుని నల్లా దగ్గర నీళ్లు పట్టుకున్నది, ఈయన నోటికి ఏదో వచ్చినందుకు! ఆ రైతు భార్య మొగుడి మోచేయి గిల్లింది. ఇద్దరూ మెల్లగా మెట్లు దిగిపోయారు. అల్లుడు వాళ్ల వీపులు చూస్తూ, “గిరాకి చెడగొడ్తివి,” అన్నాడు నాతో.

వదిన టెలిఫోన్ తెచ్చి ఆయన ముందు పెట్టింది. “మా అమ్మకు చెయ్. చెప్పు.”

“ఏం చెప్పాలె?”

“నోటికొచ్చింది చెప్పనీకె నీకు చేతనైతది గద. చెప్పు.”

ఆయన చేశాడు. రిసీవర్‌ను చెవికి దూరంగా పట్టుకున్నాడు, మా అత్త గొంతు అంత. “అత్తా... గా కార్డు సంగతిల... చెల్లె తప్పేం లేదు. నేనే జర... ఇంకో పలక ఇస్తున్న.”

అటు నుంచి మా అత్త మాట మా ముగ్గురికీ వినిపించింది. “ఎండల తిరుగుతున్నవా అల్లుడా? తిన్నవా?”

అంతే. అదే ఆమె అన్నది.

డబ్బా అక్కడే వదిలి వచ్చాను. నాలుగో రోజు వదినే బస్సులో తెచ్చింది. గాడి ఉన్న పలక, దాని మీద చిన్న కార్డు. ఫ్యాను కూడా లేని బీద కార్డు. నేను అత్త ఎదుటే రేకు ఊడదీసి, టార్చి వేసి చూశాను. నీలం వైరును తీసుకెళ్లి దానికే పెట్టాను. మా అత్త ముఖం తిప్పుకుంది. అల్లుడి సొమ్మును కోడలు విప్పి చూడటం ఆ ఇంట్లో మొదటిసారి. వదిన మాత్రం, “చూస్కో, మంచిగ చూస్కో,” అని పక్కనే నిలబడింది.

అప్పుడు వంటింట్లోకి పోయి, బియ్యం డబ్బాను నేల మీదికి దించి, నా కుర్చీని నేనే తెచ్చుకున్నాను. ఎవరూ పిలవలేదు, నేనూ పిలిపించుకోలేదు. బిజినేపల్లి మేనత్తను మళ్లీ బతికించాను. హారతి పళ్లెం వెనక ఆమె ముఖం తామర పువ్వులో పెట్టాను, పెళ్లికూతురి కంటే ఒక క్షణం ఎక్కువే. పువ్వు ఆగకుండా విచ్చుకుంది.

ఆ చిన్న కార్డు రెండు పెళ్లిళ్ల కాలాలు నడిచింది. తర్వాత పువ్వులు మారిపోయాయి. కొత్త రకం పువ్వులకు అది చాలదన్నారు, ఇంకో చిన్న కార్డు దిగుతుందన్నారు. నేను నమ్మలేదు, ఎదురుచూడలేదు. మాకు ఉన్న పువ్వులే పెట్టి ఇచ్చాం. కావలసినవాళ్లు తీసుకున్నారు.

మా అత్త ఆరు నెలలు నాతో నేరుగా మాట్లాడలేదు. “ఎవరన్న ఉప్పు తెస్తే బాగుండు,” అని గోడకు చెప్పేది. నేనూ ఉప్పు తెచ్చి గోడకే ఇచ్చేదాన్ని. అల్లుడు ఇప్పటికీ వస్తాడు. కాళ్లకు నీళ్లిస్తాను, ఆకు వేస్తాను, ఒకసారి వడ్డిస్తాను. “ఇంకొంచెం ఏసుకో అన్నా” అన్న మాట మాత్రం ఇన్నేళ్లలో నా నోట రాలేదు. ఆకు ఖాళీ అయ్యాక ఆయన నా వైపు చూస్తాడు. నేను గరిటె పట్టుకుని పక్కవాళ్లకు వడ్డిస్తుంటాను. క్షమించడం పెద్దవాళ్ల గుణమంటారు, కావచ్చు. నేను అంత పెద్దదాన్ని కాలేదు.

పొద్దుపోయింది, లేవండి ఇక. మీ ఇంటి కుండ నిండుగా ఉండాలి, మీ వాకిట్లోకి వచ్చేవాళ్లు మంచి మాటతో రావాలి. మీ ఇంట్లో పని చేసే ఏ చేయి మీదా ఇంకొకరి తప్పు వచ్చి కూర్చోకుండా ఉండాలి. ఇల్లంతా, పిల్లాజెల్లా, చల్లగా ఉండండి.